వంటగది దాటి డెక్ మీదకి

అమెరికా నేవీలో పెద్ద ఓడలకి రాష్ట్రాల పేర్లు, నగరాల పేర్లు, యుద్ధవీరుల పేర్లు పెడతారు. ఈ వారం నేను చెప్పబోయే ఓడకి ఆ భాగ్యం లేదు. దానికి నంబరే పేరు. పీసీ-1264. పీసీ అంటే పట్రోల్ క్రాఫ్ట్, గస్తీ పడవ. (పెట్రోల్ కాదండోయ్, నడిచేది డీజిల్ మీద.) పని మాత్రం గస్తీ ఒక్కటే కాదు. నీళ్లలో దాక్కున్న సబ్‌మెరైన్‌ని వెతికి, వెంటపడి, బాంబులేసి చంపడం. అందుకే ఈ రకం పడవల్ని సబ్‌మెరైన్ ఛేజర్లు అనేవారు.

సైజు చెబితే నవ్వొస్తుంది. పొడవు 53 మీటర్లు, వెడల్పు 7 మీటర్లు. మీలో చాలామంది వైజాగ్ ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూసే ఉంటారు. లోపల తల వంచుకుని నడుస్తూ సెల్ఫీలు కూడా దిగుంటారు. ఆ కురుసుర పొడవు 91 మీటర్లు. అంటే వేటాడాల్సిన జంతువు కంటే వేటకుక్క చిన్నది. అందులో అరవై మందికి పైగా మనుషులు, రెండు డీజిల్ ఇంజిన్లు, ముందు భాగంలో ఒక 3 అంగుళాల ఫిరంగి, విమానాల మీద కాల్చే చిన్న తుపాకులు, వెనక వరసగా డెప్త్ ఛార్జ్ డ్రమ్ములు. అట్లాంటిక్‌లో కాస్త గాలి లేస్తే చాలు, ఈ పడవలు ఊయల్లా ఊగేవి. పళ్లెంలో పెట్టుకున్న అన్నం పక్కవాడి ఒళ్లో పడేంత ఊగుడు. (వాళ్లు తినేది అన్నం కాదనుకోండి, విషయం అర్థమైంది కదా.)

ఇంత చిన్నవాటిని వందల్లో ఎందుకు కట్టారో తెలియాలంటే 1942 జనవరికి వెళ్లాలి. అమెరికా యుద్ధంలోకి దిగి నెల దాటింది అంతే. జర్మనీ తన యూ-బోట్లని, అంటే సబ్‌మెరైన్లని, అట్లాంటిక్ దాటించి నేరుగా అమెరికా తూర్పు తీరానికి పంపింది. ఆపరేషన్ డ్రమ్‌బీట్ అని దానికి పేరు. యూ-123 అనే సబ్‌మెరైన్ న్యూయార్క్‌కి కూతవేటు దూరం దాకా వచ్చేసింది. జనవరి 14న నార్నెస్ అనే ట్యాంకర్‌ని, మర్నాడు కోయింబ్రా అనే ఇంకో ట్యాంకర్‌ని ముంచేసింది. అప్పటికి తీరంలో నగరాలు లైట్లు కూడా ఆర్పలేదు. హోటళ్లు, బీచ్ రోడ్లు, దుకాణాలు అన్నీ ధగధగలాడుతున్నాయి. ఆ వెలుగు ముందు నుంచి వెళ్లే ఓడ సముద్రంలో ఉన్నవాడికి తెర మీద నీడబొమ్మలా కనిపించేది. గురి చూడ్డానికి అంతకంటే ఏం కావాలి? కొన్ని నెలలపాటు తీరం వెంబడి ఓడలు మునుగుతూనే ఉన్నాయి. ఓడల్ని గుంపుగా కట్టి, చుట్టూ కాపలా పెట్టి నడిపించే కాన్వాయ్ పద్ధతి తూర్పు తీరంలో 1942 మేలో గానీ మొదలవలేదు. ఆ కాపలాకి పడవలు కావాలి. చవగ్గా, తొందరగా, లెక్కలేనన్ని కావాలి. పీసీలకి గిరాకీ అలా పెరిగింది. ఈ ఒక్క నమూనాలోనే 340కి పైగా కట్టారు.

‘ఘాజీ’ సినిమా చూసినవాళ్లకి సోనార్ చప్పుడు గుర్తుండే ఉంటుంది. అక్కడ మనం నీళ్ల కింద కూర్చుని విన్నాం. పీసీలో మనిషి నీళ్ల పైన కూర్చుని వింటాడు. పడవ అడుగు నుంచి ఒక శబ్దం వదులుతారు. అది దేనికైనా తగిలితే తిరిగొస్తుంది. నీళ్లలో శబ్దం సెకనుకి దాదాపు 1500 మీటర్లు పోతుంది. వెళ్లి రావడానికి రెండు సెకన్లు పడితే వస్తువు కిలోమీటరున్నర దూరంలో ఉన్నట్టు. తిరిగొచ్చిన శబ్దం కొంచెం సన్నగా వినపడితే అది మన వైపు వస్తోంది, కాస్త బొంగురుగా ఉంటే దూరంగా పోతోంది. రైలు మన ముందు నుంచి వెళ్లేటప్పుడు కూత మారుతుందే, అదే లెక్క. అయితే చేపల గుంపు కూడా శబ్దాన్ని తిప్పి పంపుతుంది. ఎప్పుడో మునిగిన ఓడ కూడా పంపుతుంది. తేడా చెప్పాల్సింది చెవి. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న ఇరవై ఏళ్ల కుర్రాడి చెవి.

ఇంకో చిక్కు ఉంది. బాగా దగ్గరికి వెళ్లేసరికి సోనార్ శబ్దం సబ్‌మెరైన్ పై నుంచి దాటిపోతుంది. సరిగ్గా బాంబు వేయాల్సిన ఆ కాసేపూ వేటగాడికి ఏమీ వినపడదు. చివరిగా విన్నదాన్ని బట్టి అంచనా వేసుకుని డెప్త్ ఛార్జులు దొర్లించాలి. ఒక్కో డ్రమ్ములో 300 పౌండ్లు, అంటే సుమారు 136 కిలోల పేలుడు మందు. ఎంత లోతులో పేలాలో ముందే తిప్పి పెడతారు. పేలేలోపు మన పడవ అక్కడ నుంచి దూరం జరిగిపోవాలి, లేదంటే మన తోకే ఎగిరిపోతుంది. ఈ గుడ్డి క్షణాల బాధ తగ్గించడానికే ముందుకి చిన్న రాకెట్లు విసిరే మౌస్‌ట్రాప్ అనే ఏర్పాటు పెట్టారు. పేరుకి ఎలుకబోను. పెద్ద ఎలుకే.

ఇంతా చేసి ఈ పీసీలు ముంచిన యూ-బోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 1943 జూన్ 2న వర్జీనియా తీరానికి దూరంగా పీసీ-565 అనే పడవ యూ-521ని ముంచింది. ఆ సబ్‌మెరైన్‌లో బతికి బయటపడింది దాని కెప్టెన్ ఒక్కడే. ఇక మన 1264 ఖాతాలో చూస్తే సున్నా. ఒక్క సబ్‌మెరైన్ కూడా లేదు. కాన్వాయ్‌ల పక్కన నడిచింది, న్యూయార్క్ నుంచి క్యూబాలోని గ్వాంటనామో వైపు వెళ్లే ఓడలకి కాపలా కాసింది, తిరిగొచ్చింది, మళ్లీ వెళ్లింది. నన్నడిగితే కాపలాదారు పనితనం అదే. దొంగ రాకుండా తెల్లవారితే ఆ రాత్రి గురించి ఎవరూ కథ చెప్పరు.

మరి దీని కథ ఎందుకు చెబుతున్నానంటే, ఆ హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న కుర్రాడి వల్ల. అతను నల్లజాతివాడు. 1944లో అమెరికా నేవీలో అలాంటి కుర్రాడు ఆ కుర్చీలో కూర్చోవడం మామూలు విషయం కాదు.

మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక 1919 నుంచి 1932 దాకా అమెరికా నేవీ నల్లజాతివాళ్లని కొత్తగా చేర్చుకోవడమే మానేసింది. తర్వాత తలుపు తెరిచింది గానీ అది వంటగది తలుపు. మెస్‌మన్ అనేవారు. ఆఫీసర్లకి వండటం, వడ్డించడం, బూట్లు తుడవడం, పక్కలు సర్దడం. దేశానికి సేవ చేయడానికి వచ్చినవాడు ఆఫీసర్‌కి సేవ చేసి వెళ్లిపోవాలి. ఎవరు వండాలి, ఎవరు వడ్డించాలి, ఎవరు కూర్చుని తినాలి అనే లెక్కలు మనకి కొత్తేం కాదు కాబట్టి ఇక్కడ ఎక్కువ వివరించను.

పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసిన రోజు, 1941 డిసెంబర్ 7న, వెస్ట్ వర్జీనియా అనే యుద్ధనౌకలో డోరీ మిల్లర్ అనే మెస్ అటెండెంట్ ఉన్నాడు. ఓడలో బాక్సింగ్ ఛాంపియన్. గాయపడిన కెప్టెన్‌ని మోసి పక్కకి చేర్చడంలో సాయపడ్డాడు. తర్వాత, ఎవరూ ఎప్పుడూ నేర్పించని మెషిన్‌గన్ పట్టుకుని విమానాల మీద కాల్చాడు. 1942 మే 27న అడ్మిరల్ నిమిట్జ్ స్వయంగా అతని చొక్కాకి నేవీ క్రాస్ తగిలించాడు. అంత గౌరవం దక్కించుకున్న నల్లజాతి నావికుడు అతనే మొదటివాడు. పతకం ఇచ్చారు, పోస్టర్ల మీద బొమ్మ వేశారు. ఆ తర్వాత ఏ పనిలో పెట్టారనుకుంటున్నారు? వంటపనిలోనే. 1943 నవంబర్‌లో లిస్కమ్ బే అనే ఓడ మునిగినప్పుడు దాంతో పాటు పోయాడు. పోయినప్పుడు అతని హోదా కుక్.

1942 జూన్ నుంచి నల్లజాతివాళ్లు వంటగది బయటి పనుల్లో కూడా చేరొచ్చని నేవీ ప్రకటించింది. చేర్చుకున్నారు, వేరే శిబిరాల్లో శిక్షణ ఇచ్చారు. గన్నర్లయ్యారు, రేడియో నేర్చారు, ఇంజిన్లు నేర్చారు. నేర్చాక ఒడ్డున మూటలు మోయడానికి, రేవుల్లో మందుగుండు ఎక్కించడానికి పంపారు. సముద్రం మీదకి మాత్రం పంపలేదు. అప్పటి నేవీ మంత్రి ఫ్రాంక్ నాక్స్‌కి అసలు ఈ వ్యవహారమే ఇష్టం లేదు. చిన్న చోటులో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి బతకడం కుదరదని, నల్లవాడు పైవాడై ఆర్డర్ వేస్తే తెల్లవాడు వినడని పెద్దల వాదన. వినకపోవడం ఎవరి తప్పో వాదనలో రాదు, చూశారా?

పౌరహక్కుల సంఘాలు ఒత్తిడి పెట్టాయి. అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ ఊరుకోలేదు. చివరికి 1944లో నేవీ ఒక ప్రయోగం చేస్తానంది. రెండంటే రెండు ఓడలు. ఒకటి మేసన్ అనే డిస్ట్రాయర్ ఎస్కార్ట్, 1944 మార్చి 20న బోస్టన్‌లో సేవలో చేరింది. రెండోది మన పీసీ-1264. న్యూయార్క్ బ్రాంక్స్‌లోని మోరిస్ హైట్స్‌లో తయారై 1944 ఏప్రిల్ 25న చేరింది. మేసన్‌ని ‘ఎలినార్ పిచ్చిపని’ అని వెక్కిరించినవాళ్లున్నారు. 1264 సేవలో చేరిన మూడో రోజు మంత్రి నాక్స్ చనిపోయాడు. తర్వాత వచ్చిన ఫారెస్టల్ ఈ విషయంలో కాస్త నయం. కాకతాళీయమే, కానీ తేదీలు పక్కపక్కన చూస్తే ఏదోలా ఉంటుంది.

ప్రయోగం అనే మాట దగ్గర నాకు పేచీ ఉంది. 340 పీసీల్లో తెల్లవాళ్లు నడిపినవాటిలో ఏదన్నా ఇసకలో కూరుకుపోతే అది ఆ కెప్టెన్ తప్పు. 1264 కూరుకుపోతే మాత్రం అది ఒక జాతి తప్పు అయ్యేది. పరీక్ష రాసేది అరవై మంది, ఫలితం కోటిమందికి పైగా మనుషుల పేరు మీద. ఇరవై ఏళ్ల వయసులో, కడుపులో తిప్పుతుండగా, రాత్రి రెండింటికి డ్యూటీ చేస్తూ ఆ బరువు మోయడం ఎలా ఉంటుందో ఆలోచించండి.

కెప్టెన్ పేరు ఎరిక్ పర్డన్. లెఫ్టినెంట్, తెల్లవాడు. ఆఫీసర్లందరూ తెల్లవాళ్లే. వాళ్ల కింద పెట్టీ ఆఫీసర్లు ఉంటారు, మన భాషలో చెప్పాలంటే పని తెలిసిన మేస్త్రీలు. మొదట్లో వాళ్లలో సీనియర్లని కూడా తెల్లవాళ్లనే పెట్టారు, నేర్పించడానికి. మిగతా అందరూ నల్లజాతి కుర్రాళ్లు. ప్లాన్ ఏంటంటే, వీళ్లు పని నేర్చుకోగానే ఆ తెల్ల మేస్త్రీలు దిగిపోవాలి. కొన్ని నెలల్లోనే అది జరిగింది. వాళ్ల స్థానంలో నల్ల పెట్టీ ఆఫీసర్లు వచ్చారు. ఇంజిన్, సోనార్, తుపాకులు, రేడియో, చుక్కాని అన్నీ వాళ్ల చేతికి వచ్చాయి. పడవ మునగలేదు. గొడవలు జరగలేదు. పెద్దలు భయపడ్డది ఒక్కటీ జరగలేదు.

సముద్రం మీద ఇబ్బంది లేదు. ఇబ్బందంతా రేవులో. అమెరికా దక్షిణాదిలో అప్పుడు బస్సులో సీటు, హోటల్లో కుర్చీ, మంచినీళ్ల కుళాయి, అన్నీ రంగు చూసి విడగొట్టేవారు. యూనిఫాం వేసుకుని, ఆ తీరాన్నే కాపాడి ఒడ్డుకి దిగిన కుర్రాడు ముందు బోర్డు చదువుకోవాలి, ఈ గుమ్మంలోంచి వెళ్లొచ్చా లేదా అని. పక్కనే జర్మన్ యుద్ధ ఖైదీల శిబిరాలు కూడా ఉండేవి ఆ రోజుల్లో. ఖైదీ తెల్లవాడు కాబట్టి అతనికి వడ్డించిన చోట మన నావికుడికి పెట్టని సందర్భాలు ఆ యుద్ధం నిండా ఉన్నాయి.

1945 మేలో పడవలోకి కొత్త ఆఫీసర్ వచ్చాడు. శామ్యూల్ గ్రేవ్లీ, వయసు ఇంకా 23 నిండలేదు. వర్జీనియాలోని రిచ్‌మండ్ కుర్రాడు. 1942లో మామూలు నావికుడిగా చేరి, ఆఫీసర్ శిక్షణకి ఎంపికై, 1944 డిసెంబర్‌లో ఎన్‌సైన్ అయ్యాడు. 1264లో మొట్టమొదటి నల్లజాతి ఆఫీసర్ అతనే. ఇప్పుడా చిన్న పడవలో ఆఫీసర్ల బల్ల దగ్గర తెల్లవాళ్లతో పాటు నల్లవాడు కూర్చుని తింటున్నాడు. 53 మీటర్ల పడవలో వేరే బల్ల వేయడానికి చోటెక్కడిది? పెద్ద స్థావరాల్లో సంవత్సరాలుగా తెగని సమస్యని చోటు లేకపోవడం తెంచేసింది.

ఒడ్డు మాత్రం మారలేదు. మయామీలో గ్రేవ్లీని అరెస్టు చేశారు. నేరం ఏంటంటే ఆఫీసర్ వేషం వేయడం! భుజం మీద ఉన్న గుర్తులు నిజమైనవి, అయినా నల్లవాడు ఆఫీసర్ కావడం అసాధ్యం కాబట్టి ఇది మోసమే అని తేల్చేశారు. లాజిక్ చూడండి. తర్వాత పడవ ఫ్లోరిడా కొసన ఉన్న కీ వెస్ట్ చేరింది. అక్కడ ఆఫీసర్ల క్లబ్‌లోకి నువ్వు రావద్దని ముందే చెప్పేశారు. మిగతా ఆఫీసర్లకి గుమ్మం తెరిచే ఉంది.

గ్రేవ్లీ ఆ రాత్రులు ఎలా గడిపాడో నేను ఊహించి రాయను. మర్నాడు డ్యూటీకి వచ్చాడన్నది మాత్రం రికార్డు. కమ్యూనికేషన్స్ చూశాడు, ఎలక్ట్రానిక్స్ చూశాడు, చివరికి పడవలో కెప్టెన్ తర్వాతి స్థానం దాకా వెళ్లాడు.

యూరప్‌లో యుద్ధం ముగిసింది, ఆగస్టులో జపాన్ లొంగిపోయింది. ఇక సబ్‌మెరైన్లని తరిమే పని లేదు. 1946 ఫిబ్రవరి 7న 1264ని సేవ నుంచి తప్పించారు. రెండేళ్లు కూడా నిండలేదు. సరిగ్గా అదే నెల 18న, ప్రపంచానికి ఇవతలి వైపు, బొంబాయిలో తల్వార్ అనే నౌకాదళ స్థావరంలో మనవాళ్లు అన్నం ముట్టకుండా సమ్మెకి దిగారు. పురుగుల తిండి, తెల్ల ఆఫీసర్ల బూతులు కారణం. రెండు మూడు రోజుల్లో కరాచీ, కలకత్తా, మన విశాఖ దాకా పాకింది. ఈ రెండు కథలకీ సంబంధం లేదు. ఒకరి గురించి ఒకరికి తెలిసే అవకాశం కూడా లేదు. తిండి బల్ల దగ్గర జరిగే అవమానం మాత్రం రెండు చోట్లా ఒకే రుచి.

1948 జూలై 26న అధ్యక్షుడు ట్రూమన్ సైన్యంలో రంగు ఆధారంగా తేడా చూపకూడదని ఉత్తర్వు జారీ చేశాడు. అది ఈ రెండు ఓడల వల్లే వచ్చిందంటే అతిశయోక్తి. ఎన్నికల లెక్కలున్నాయి, ఉద్యమాలున్నాయి, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల మీద దక్షిణాదిలో జరిగిన దాడులున్నాయి. కానీ ‘కుదరదు’ అని చెప్పేవాడి ముందు ‘మొన్నే కుదిరింది కదా’ అని చూపించడానికి రెండు ఓడల రికార్డు ఉంది. ఆఫీసుల్లో ఫైల్ నడిపినవాళ్లకి తెలుస్తుంది, ఆ కాగితం విలువ ఎంతో.

గ్రేవ్లీ యుద్ధం తర్వాత నేవీ వదిలేసి డిగ్రీ పూర్తి చేశాడు, రైల్వే పోస్టల్ క్లర్క్‌గా పనిచేశాడు. 1949లో నేవీ మళ్లీ పిలిచింది. 1962లో ఫాల్‌గౌట్ అనే యుద్ధనౌకకి కెప్టెన్ అయ్యాడు. 1971లో అడ్మిరల్ హోదా, అమెరికా నేవీలో మొదటి నల్లజాతి అడ్మిరల్. 1976లో వైస్ అడ్మిరల్‌గా థర్డ్ ఫ్లీట్ మొత్తానికి అధిపతి. కీ వెస్ట్ క్లబ్‌లో తలుపు దగ్గర ఆపినవాళ్లలో ఎవరైనా అప్పటికి సర్వీసులో ఉంటే, లేచి నిలబడి సెల్యూట్ కొట్టాల్సి వచ్చేది. రాసేటప్పుడు నాకు చాలా తృప్తిగా ఉంది, ఒప్పుకుంటున్నాను. ఆయన 2004లో కన్నుమూశాడు. 2010లో ఆయన పేరుతో ఒక డిస్ట్రాయర్ సేవలో చేరింది. యూఎస్ఎస్ గ్రేవ్లీ, పొడవు 150 మీటర్లకి పైనే, 1264కి దాదాపు మూడింతలు.

కెప్టెన్ పర్డన్ 1972లో ‘బ్లాక్ కంపెనీ’ అని ఈ పడవ కథ పుస్తకంగా రాశాడు. మేసన్ వాళ్లకి ఇంకా ఆలస్యం. 1944 అక్టోబర్‌లో తుపానులో కాన్వాయ్‌ని గట్టెక్కించినందుకు రావాల్సిన మెచ్చుకోలు పత్రం 1995లో వచ్చింది. యాభై ఏళ్ల తర్వాత. అప్పటికి తీసుకోవడానికి మిగిలినవాళ్లు కొద్దిమంది ముసలివాళ్లు.

మరి పడవ? సేవ నుంచి తప్పించాక చేతులు మారి, న్యూయార్క్‌లోనే స్టేటెన్ ఐలాండ్ పక్కన, రాస్‌విల్ అనే చోట పాత ఓడలు విరగ్గొట్టే యార్డుకి చేరింది. ఎందుకో పూర్తిగా విరగ్గొట్టలేదు. ఆర్థర్ కిల్ అనే ఆ పాయలో బురదలో ఒరిగి, తుప్పు పట్టి, పాత టగ్‌బోట్ల మధ్య ఇరుక్కుని ఉండిపోయింది. 1956లో అప్పటికి సర్వీసులో మిగిలి ఉన్న పీసీలన్నిటికీ నేవీ ఊళ్ల పేర్లు పెట్టింది. 1264 అప్పటికే చెత్తలో ఉంది కాబట్టి దానికి అందలేదు. మీ ఫోన్‌లో మ్యాప్ తెరిచి, శాటిలైట్ వ్యూ పెట్టి, స్టేటెన్ ఐలాండ్ పడమటి అంచు వెంట కిందికి జరపండి. రాస్‌విల్ దగ్గర ఒడ్డున విరిగిన చెక్కలు, చేపముళ్లలాంటి ఇనప అస్థిపంజరాలు కనిపిస్తాయి. పోటు నీళ్లు రోజుకి రెండుసార్లు వాటిలోకి వచ్చి పోతుంటాయి.